మా జీడికి డ్రై ఎఫ్‌ఐపీ: జూన్ నుంచి జనవరి దాకా నా అనుభవం

మా పిల్లి పేరు జీడి. జీడిపప్పు రంగులో ఉంటాడని మా బాబు పెట్టిన పేరు. జబ్బు చేసేనాటికి వాడికి ఏడాది కూడా నిండలేదు. 2025 జూన్‌లో మొదలైన జ్వరం ఏ జబ్బు వల్లో తేలేసరికి ఆగస్టు వచ్చింది. అది ఎఫ్‌ఐపీ, పిల్లుల కరోనా వైరస్ వల్ల వచ్చే ప్రాణాంతకమైన జబ్బు. ఈ మధ్యలో ఏం జరిగింది, ఎంత ఖర్చయింది, ఏ పరీక్ష దేనికి పనికొచ్చింది అన్నది రాసి పెడుతున్నాను. మాకు అవసరమైనప్పుడు తెలుగులో ఇలాంటిది వెతికితే ఒక్కటీ కనపడలేదు.

మేముండేది విశాఖపట్నం రైల్వే న్యూ కాలనీలో. మా ఆయన గూడ్స్ బళ్ల మీద లోకో పైలట్. ఎప్పుడు కాల్ వస్తుందో, ఎప్పుడు ఇల్లు చేరతారో చెప్పలేం. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఈ రెండు సంగతులూ ఎందుకు చెబుతున్నానో ముందుకు వెళ్తే మీకే అర్థమవుతుంది.

జూన్ 12, గురువారం. నెత్తళ్లు ఉడకబెడుతుంటే స్టవ్ దగ్గర కాళ్లకి అడ్డం పడే పిల్లి ఆరోజు రానేలేదు. గిన్నె తీసుకెళ్లి ముందు పెడితే వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. ఎండలు మండిపోతున్నాయి కదా, వేడి చేసిందేమో అనుకున్నాం. మర్నాడు కూడా అంతే. చెవులు పట్టుకుంటే కాలిపోతున్నాయి. కుట్టుమిషన్ కింద గచ్చు మీద పొట్ట ఆనించి పడుకున్నాడు, పిలిచినా కళ్లు తెరవలేదు.

14న దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్లాం. జ్వరం 104.6. పిల్లులకి మామూలుగానే 100.5 నుంచి 102.5 దాకా ఉంటుందట, ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఏదో వైరల్ అయి ఉంటుందని చెప్పి యాంటీబయాటిక్ ఒకటి, జ్వరానికి ఒకటి ఇంజక్షన్లు చేశారు. 650 రూపాయలు. సాయంత్రానికల్లా లేచి తిన్నాడు, బాబు బంతి వేస్తే తన్నాడు కూడా. హమ్మయ్య అనుకున్నాం. రెండు రోజులకి మళ్లీ మొదటికే వచ్చింది. జూన్ నెలంతా ఇదే వరస. జ్వరం రావడం, ఇంజక్షన్, తగ్గడం, మళ్లీ రావడం. ప్రతిసారీ మందు పనిచేసిందనే అనుకున్నాం. ఈ జబ్బులో జ్వరం దానంతటదే పెరిగి తగ్గుతుందని, మా ఇంజక్షన్లకీ దానికీ పెద్దగా సంబంధం లేదని చాలా తర్వాత తెలిసింది.

ఇక్కడ ఒక మాట. మా కాలనీలో ఒకావిడ మంచి మనసుతోనే చెప్పింది, సగం పారాసెటమాల్ మాత్ర పాలల్లో కలిపి పట్టమని. పిల్లలకి వేయడం లేదా, దీనికేమవుతుంది అంది. అదృష్టం కొద్దీ ముందు క్లినిక్‌కి ఫోన్ చేసి అడిగాను. పిల్లి ఒంట్లో ఆ మందు అరగదట, చిన్న ముక్క కూడా ప్రాణం తీస్తుందట. మిగతాదంతా మర్చిపోయినా ఇది గుర్తుంచుకోండి.

జ్వరం చూడటం కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. చివర మెత్తగా వంగే డిజిటల్ థర్మామీటరు కొన్నాం, 220 రూపాయలు. చంకలో పెడితే తప్పు చూపిస్తుంది, వెనకనుంచే పెట్టాలి. కొనకి వాజిలీన్ రాయాలి. ఒకరు తువ్వాల్లో చుట్టి పట్టుకోవాలి, ఇంకొకరు పెట్టాలి. ఆయన డ్యూటీలో ఉంటే పట్టుకునే పని మా తొమ్మిదేళ్లవాడిది. వచ్చిన అంకెని నా ఆర్డర్ల పుస్తకంలో వెనకవైపు నుంచి రాయడం మొదలుపెట్టాను. ముందునుంచి చూస్తే అందరి జాకెట్ల కొలతలు, వెనకనుంచి చూస్తే జీడి జ్వరం, బరువు, ఎంత తిన్నాడు, దొడ్డికి వెళ్లాడా లేదా. తర్వాత డాక్టర్లు అన్ని రిపోర్టులకంటే ఈ పేజీలనే ఎక్కువసేపు చూశారు.

జూన్ 23న రక్తపరీక్ష. రక్తం తక్కువగా ఉందని, రక్తకణాల మీద బతికే పురుగు లాంటిదేదో ఉండొచ్చని అనుమానపడి డాక్సీసైక్లిన్ రాశారు, మూడు వారాలు. ఈ మాత్ర వేశాక సిరంజితో కాసిని నీళ్లు తప్పకుండా పట్టమన్నారు. గొంతులో ఇరుక్కుంటే అక్కడే పుండు పడుతుందట. వాడికి మాత్రకంటే ఆ నీళ్లంటేనే కోపం. నా రెండు చేతులూ గీతలే. జాకెట్లు ఇవ్వడానికి వచ్చినవాళ్లు "ఏటైంది నీ చేతులకి" అని అడిగేవాళ్లు.

జులై మొదటివారానికి 3.4 కిలోల పిల్లి 2.9కి వచ్చాడు. వీపు నిమిరితే వెన్నుపూసలు చేతికి తగులుతున్నాయి. మందులు నడుస్తున్నాయి, జ్వరమూ నడుస్తోంది. అప్పుడు నా కస్టమర్ ఒకామె, వాళ్లమ్మాయి వీధి పిల్లులకి తిండి పెడుతుంటుంది, ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లమని చెప్పింది. ఊరికి ఆ చివర. ఆటో పోనురానూ 400. పిల్లి బుట్ట చూసి ఇద్దరు ఆటోవాళ్లు వద్దన్నారు, ఒకతను మాత్రం మా ఇంట్లోనూ ఉందమ్మా అని ఎక్కించుకున్నాడు. తర్వాత ఎప్పుడు వెళ్లినా అతనికే ఫోన్ చేసేదాన్ని.

ఆ డాక్టరమ్మ వాడిని బల్లమీద కాకుండా నా ఒళ్లోనే ఉంచి చూశారు. పొట్ట వేళ్లతో తడుముతూ చాలాసేపు ఉన్నారు. పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే రెండు వైరస్‌లకి అక్కడికక్కడే చేసే కిట్ పరీక్ష చేశారు, 1,600 రూపాయలు, పావుగంటలో ఫలితం. రెండూ లేవు. పొట్టలో ఏదో గట్టిగా తగులుతోంది, స్కాన్ కావాలన్నారు. స్కాన్ చేసే డాక్టరు ఫలానా రోజుల్లోనే వస్తారు కాబట్టి జులై 14 దాకా ఆగాలి.

స్కాన్‌కి పొట్టమీద బొచ్చు గొరిగేస్తారని ఎవరూ ముందు చెప్పరు. మా బాబు వాడిని చూసి ఏడ్చేశాడు. పేగుల దగ్గర లింఫ్ గ్రంథులు వాచాయి. పొట్టలో నీరు లేదు. 2,200 రూపాయలు.

డాక్టరమ్మ కాగితం మీద మూడు రాశారు: ఎఫ్‌ఐపీ, లింఫోమా, టీబీ లాంటి ఇన్ఫెక్షన్. మధ్యది క్యాన్సర్. మొదటిదాని గురించి ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. పిల్లుల కరోనా వైరస్ అని ఒకటుంది, మనుషుల కోవిడ్‌కీ దానికీ సంబంధం లేదు. చాలా పిల్లుల పేగుల్లో అది ఉంటుంది, మహా అయితే రెండు రోజులు విరేచనాలు అవుతాయి, పోతుంది. ఎక్కడో కొన్ని పిల్లుల్లో మాత్రం ఆ వైరస్ లోపల మారిపోయి తెల్లరక్తకణాల్లోకి దూరి ఒళ్లంతా పాకుతుంది. రెండేళ్లలోపు పిల్లుల్లోనే ఎక్కువ. ఇందులో రెండు రకాలు. పొట్టలోనో ఊపిరితిత్తుల చుట్టూనో నీరు చేరేది తడి రకం, చేరనిది పొడి రకం, అంటే డ్రై. నీరు చేరితే దాన్ని తీసి చూడొచ్చు. పసుప్పచ్చగా, జిగటగా ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క వెనిగర్ కలిపి అందులో ఆ నీటిచుక్క వేస్తే కరుగుతుందా, గడ్డలా నిలుస్తుందా చూసే చవక పరీక్ష కూడా ఉంది. నీరు లేకపోతే ఇవేవీ కుదరవు. రక్తంలో కరోనా యాంటీబాడీల పరీక్ష చేయిస్తారు గానీ, ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లో కూడా అవి ఉంటాయి కాబట్టి దానితో ఏదీ తేలదు.

"అయితే ఎలా తెలుస్తుందండీ?" అన్నారు మా ఆయన.

"ఏది కాదో ఒక్కొక్కటే తీసేసుకుంటూ రావాలండీ. ఇదీ అని చెప్పే పరీక్ష ఒక్కటి లేదు."

ఆ రాత్రి పొట్టలో నీరు ఉండి ఉంటే బాగుండేదని అనుకున్నాను. పెంచుకున్న జీవికి అలా కోరుకునే రోజు వస్తుందని ఎవరనుకుంటారు. జబ్బు పెద్దదని తెలియడం కంటే ఏ జబ్బో తెలియకపోవడం ఎక్కువ టెన్షన్. దేనికి భయపడాలో కూడా తెలియదు.

ఈలోపు తెలిసినవాళ్ల ద్వారా ఇంకో డాక్టరుకి రిపోర్టులు పంపితే స్టెరాయిడ్ మొదలుపెట్టేయమన్నారు. తిండి తింటాడు, హుషారవుతాడు అన్నారు. నాకు ఆశ పుట్టింది. డాక్టరమ్మ మాత్రం గ్రంథి నుంచి సూదితో శాంపిల్ తీసేదాకా వద్దన్నారు. స్టెరాయిడ్‌తో కొన్నాళ్లు బాగైనట్టే ఉంటుంది, క్యాన్సరైతే అది శాంపిల్‌లో దొరక్కుండా పోతుంది అని కారణం చెప్పారు. శాంపిల్ తీయాలంటే కాస్త మత్తు ఇవ్వాలి, వాడికి ఆ ఓపిక లేదు. ముందు తిండి పట్టమన్నారు.

తిండి పట్టడం గురించి ఎంత రాసినా తక్కువే. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వంతా లివర్‌కి చేరి అదొక కొత్త జబ్బవుతుందట. అందుకని ఆకలి లేకపోయినా పట్టాల్సిందే. క్లినిక్‌లో దొరికే రికవరీ ఫుడ్ డబ్బా 300 దాకా ఉంది, రోజుకొకటి చాలదు. సగం అది, సగం ఇంట్లో చేసింది. కోడి మాంసం, కొద్దిగా లివర్ ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి, మిక్సీలో వేసి, జల్లెడలో వడగట్టి సిరంజిలో నింపేదాన్ని. ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు, అవి పిల్లులకి విషం. మిక్సీ జార్ విడిగా పెట్టుకున్నాను. సిరంజి బుగ్గ పక్కనుంచి పెట్టాలి, ఎదురుగా పెడితే పొరపోతుంది. ఒక్కోసారి గంటసేపు పట్టింది మొత్తం నా జాకెట్ మీదకే కక్కేవాడు.

నీళ్లు చాలక చర్మం కింద సెలైన్ ఎక్కించడం కూడా ఇంట్లోనే చేయమని నేర్పించారు. భుజాల మధ్య చర్మం పైకి లాగి సూది పెడితే అక్కడొక మూపురం లేస్తుంది. కాసేపటికి అది కిందికి జారి ముందుకాలు ఉబ్బుతుంది. మొదటిసారి ఆ కాలు చూసి హడలిపోయి ఫోన్ చేశాను, మామూలేనన్నారు. కింద ఇంటి మామ్మగారు కిటికీకి వేలాడుతున్న సెలైన్ చూసి పైకి వచ్చారు. "ఏటమ్మా, పిల్లికి సెలైనా? పిల్లిని చంపితే బంగారు పిల్లిని దానమివ్వాలంటారు. నువ్వు బతికించడానికే బంగారం అమ్మేలా ఉన్నావు" అన్నారు. చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాను.

జులై 25న శ్రావణం వచ్చింది. నాకు ఏడాదిలో ఎక్కువ పని ఉండేది అప్పుడే. ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతం, అందరికీ ఆలోపే జాకెట్లు కావాలి. పగలు సిరంజి, రాత్రి మిషన్. కొన్ని ఆర్డర్లు తిప్పి పంపేశాను. ఉన్నవి మాత్రం వదల్లేదు, ఆ డబ్బే పిల్లికి వెళ్తోంది మరి.

27 ఆదివారం మా బాబు "అమ్మా, జీడి కన్ను చూడు" అన్నాడు. ఎడమ కన్ను. పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగు బురద నీళ్లలా మారిపోయింది. మర్నాడు డాక్టరమ్మ టార్చి వేసి చూస్తూ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. కంటి మధ్యపొర వాచింది, యువైటిస్. నా కడుపులో దేవినట్టయింది కానీ ఆమె మొహంలో ఏదో దొరికిన వెలుగు. వైద్యులకి అలాగే ఉంటుందేమో. పొడి రకం ఎఫ్‌ఐపీలో కంటికీ, మెదడుకీ రావడం తరచుగా జరుగుతుందట.

ఆరోజే మళ్లీ రక్తం తీసి ఈసారి జంతువుల ల్యాబ్‌కే పంపారు. మొత్తం ప్రోటీన్ 9.1. అందులో అల్బుమిన్ 2.2, గ్లోబ్యులిన్ 6.9. అల్బుమిన్‌ని గ్లోబ్యులిన్‌తో భాగించాలి. 0.32 వచ్చింది. 0.4 కంటే తక్కువైతే ఎఫ్‌ఐపీ అనుమానం బాగా బలపడుతుంది, 0.8 దాటితే దాదాపు కాదనుకోవచ్చు అని చెప్పారు.

అప్పుడు ఆమె జూన్ నాటి రిపోర్టు అడిగారు. అది మనుషుల ల్యాబ్‌లో చేయించింది. మొత్తం ప్రోటీన్ 8.3, అల్బుమిన్ 2.7 అని ఉంది, గ్లోబ్యులిన్ గడే లేదు. తీసేస్తే 5.6, భాగిస్తే 0.48. అంటే అనుమానించడానికి సరిపడా అంకె జూన్‌లోనే ఆ కాగితంలో ఉంది. 8.3 పక్కన ఎర్ర గుర్తు ఎందుకు లేదంటే, అక్కడ ముద్రించిన నార్మల్ రేంజ్ మనుషులది, మనుషులకి 8.3 సరిగ్గా పైగీత. పిల్లుల రేంజ్ వేరే. నెల రోజులు పోయింది ఒక తీసివేత, ఒక భాగహారం చేయక. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. మీ పిల్లి రిపోర్టు వచ్చినప్పుడు ఆ రేంజ్ ఎవరిదో అడగండి.

జులై 30న స్కాన్ చూస్తూ గ్రంథిలోంచి సూదితో శాంపిల్ తీశారు. మత్తుతో కలిపి 3,500. ఐస్ ప్యాకుల మధ్య పెట్టి వేరే ఊరి ల్యాబ్‌కి కొరియర్ చేశారు, వైరస్ జాడ చూసే పీసీఆర్, కణాల పరీక్ష రెండింటికీ 4,800. ఐదు పని దినాలన్నారు. ఆరోజు నుంచి ఫోన్ మోగితే చాలు, చేతిలో సూది వదిలేసి పరిగెత్తేదాన్ని, తీరా చూస్తే జాకెట్ అయిందా అని అడిగేవాళ్లు. వ్రతం రోజు అమ్మవారి ముందు కూర్చుని కూడా నా చెవి ఫోన్ మీదే. జీడి 2.5 కిలోలకి పడిపోయాడు. ఇసుక ట్రేలోకి ఎక్కడానికి కూడా ఓపిక లేక అంచు దగ్గరే నిలబడిపోయేవాడు. ఆయన రాయగడ రన్నింగ్ రూమ్ నుంచి, అంటే లోకో పైలట్లు విశ్రాంతి తీసుకునే చోటు నుంచి, ఫోన్ చేసి ముందు "ఉన్నాడా?" అని అడిగేవారు.

ఆగస్టు 11న రిపోర్టు. క్యాన్సర్ కణాలు లేవు. ఎఫ్‌ఐపీలో కనపడే తరహా వాపు ఉంది. గ్రంథిలో పిల్లుల కరోనా వైరస్ ఉంది. నూటికి నూరుపాళ్లు అనాలంటే గ్రంథి ముక్క కోసి ప్రత్యేకమైన రంగులు వేసి చూడాలి, అంత ఆపరేషన్‌కి వీడు తట్టుకోడు అన్నారు డాక్టరమ్మ. "వయసు, జ్వరం, కన్ను, ప్రోటీన్, ఇప్పుడు ఇది. నేనైతే మందు మొదలుపెడతాను. ఇదే జబ్బైతే కొద్దిరోజుల్లో జ్వరం దిగుతుంది. అదే చివరి పరీక్ష అనుకోండి."

మందు పేరు విన్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రెమ్‌డెసివిర్. 2021లో మా చిన్న మామయ్య కోసం ఊరంతా వెతికిన ఇంజక్షన్. ఇప్పుడు అది సులువుగానే దొరికింది. మొదటి కొన్ని రోజులు అది, తర్వాత జీఎస్-441524 అనే మాత్రలు. రెమ్‌డెసివిర్ ఒంట్లోకి వెళ్లాక మారేది ఆ జీఎస్‌గానేనట. 2019లో అచ్చయిన ఒక పరిశోధనలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌వాళ్లు ఎఫ్‌ఐపీ వచ్చిన 31 పిల్లుల మీద దీన్ని వాడి చూస్తే 26 పూర్తి కోర్సు దాకా నిలిచాయి. అంతకుముందు ఈ జబ్బంటే చావే. కోర్సు 84 రోజులు, ఆ తర్వాత ఇంకో 84 రోజులు కనిపెట్టి ఉండాలి. కంట్లోకి మందు సులువుగా వెళ్లదు కాబట్టి మావాడికి తడి రకానికి ఇచ్చేదానికంటే ఎక్కువ డోసు.

మాత్రలు మందుల షాపులో అడిగితే దొరికేవి కావు. డాక్టరమ్మకి తెలిసినచోట నుంచి తెప్పించారు. సీసా వచ్చాక చూస్తే దానిమీద మందు పేరే లేదు, పిల్లుల సప్లిమెంట్ అని ఉంది. బిల్లు లేదు. మొదటి విడతకే 24,000. నా దగ్గర శ్రావణం డబ్బుంది, చాలక చీటీ ఎత్తాను. పేరు లేని సీసాకి అంత డబ్బు పోస్తుంటే ఆయనకి మనసొప్పలేదు. "మోసమైతే?" అన్నారు. అవునో కాదో తెలుసుకునే దారి నాకూ తెలియదు. డాక్టరమ్మ ఇంతకుముందు అక్కడివే వాడించారు, ఆ ఒక్క మాట మీద నడిచాం.

ఆగస్టు 14 సాయంత్రం మొదటి ఇంజక్షన్. చర్మం కింద చేస్తే బాగా మండుతుందని నరానికే నెమ్మదిగా ఎక్కించారు. ఆ రాత్రి 104.4. 15న 103.6. 16 పొద్దున 102.4. తప్పు చూశానేమోనని మళ్లీ పెట్టాను, అదే అంకె. 17న నేను పాలు కాస్తుంటే వెనక ఏదో కదిలింది. స్టవ్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, కాళ్లు వణుకుతున్నాయి, అరవడానికి నోరు తెరిచాడు గానీ గొంతు రాలేదు. చేప ముక్క వేస్తే తనంతట తాను తిన్నాడు. నేను అక్కడే గచ్చుమీద కూలబడి ఏడ్చాను. ఆయనకి ఫోన్ చేస్తే బండి మీద ఉన్నారు, తీయలేదు.

ఇంజక్షన్లు అయ్యాక మాత్రలు. రోజూ ఒకే వేళకి పడాలి, 24 గంటలు తప్పకూడదు. ఆయన డ్యూటీ సంగతి తెలిసిందే కాబట్టి నేనూ బాబూ కచ్చితంగా ఇంట్లో ఉండే రాత్రి తొమ్మిది పెట్టుకున్నాం. మాత్ర ముందు, తిండి తర్వాత. నాలుక మీద కరిగితే చేదుకి నోటివెంట నురగ కక్కేస్తాడు, అది చూసి ఫిట్స్ అనుకోకండి. కొద్దిగా నెయ్యి రాస్తే జారిపోతుంది. వినాయక చవితికి అత్తయ్య వాళ్ల ఊరు బొబ్బిలి వెళ్లలేదు. దసరాకి ఆయనా బాబూ వెళ్లారు, నేను ఆగిపోయాను. పిల్లి కోసం పండక్కి రాలేదంటే అత్తయ్యకి కోపం వచ్చింది, తర్వాత ఆవిడే ఫోన్ చేసి ఎలా ఉన్నాడని అడిగారు.

నేను లెక్కలోకి తీసుకోని ఖర్చు ఒకటుంది. మందు బరువుని బట్టి వేయాలి. మందు పనిచేస్తే పిల్లి బరువు పెరుగుతుంది. పెరిగితే డోసు పెరుగుతుంది. పెంచకపోతే జబ్బు తిరగబెడుతుంది. వారం వారం తూచడానికి పసిపిల్లల్ని తూచే మిషన్ 1,500 పెట్టి కొన్నాం. సెప్టెంబరు చివరికి 3.3 కిలోలు, నవంబరుకి 4.1. ఎంత సంతోషమో అంత భారం, రెండో విడత మాత్రలు మొదటిదాన్ని మించిపోయాయి.

సెప్టెంబరు 11 రక్తపరీక్షలో ఆ భాగహారం 0.47. జీడి గంతులేస్తున్నాడు, అంకె మాత్రం ఇంతేనా అని దిగులుపడ్డాను. ఒళ్లు బాగయినంత తొందరగా రక్తం బాగవదన్నారు. అక్టోబరు 9న 0.69. కన్ను అన్నిటికంటే ఆలస్యం. చుక్కల మందు వేస్తూ వచ్చాం, దసరా వేళకి రంగు తిరిగొచ్చింది. నల్లటి మచ్చ ఒకటి అలాగే ఉండిపోయింది, చూపుకి ఇబ్బంది లేదు.

అక్టోబరు 28న మొంథా తుపాను. నాలుగు రోజుల ముందు నుంచీ హెచ్చరికలే. చివరి విడత మాత్రలు ఇంకా కొరియర్‌లో ఉన్నాయి. 25న చేరాయి, అంతకంటే ఒక్కరోజు ఆలస్యమైనా నాకు గుండె ఆగేది. రైళ్లు రద్దయి ఆయన అవతలే ఉండిపోయారు. కరెంటు లేదు, కిటికీ సందుల్లోంచి నీళ్లు. బాబు టార్చి పట్టుకుంటే మాత్ర వేశాను. దీపావళి టపాసులకి బీరువా కింద దూరినవాడు తుపాను గాలికి మాత్రం నిద్రపోయాడు.

నవంబరు 5న చివరి మాత్ర. రక్తంలో 0.85, అన్నీ బాగున్నాయి, ఇక ఆపేయమన్నారు. సంతోషించాలి కదా, నాకు భయం వేసింది. రాత్రి తొమ్మిదైతే చేతులు సీసా కోసం వెతికేవి. జబ్బు తిరగబెడితే ఎక్కువగా ఈ కనిపెట్టి ఉండే రోజుల్లోనేనట. డిసెంబరు మొదట్లో ఒకరోజు తినలేదు, తుమ్ములు. థర్మామీటరు తీసేటప్పుడు నా చేతులు వణికాయి. 102.1. ఉత్త జలుబు. అయినా ఆ రాత్రి నిద్రపోలేదు.

2026 జనవరి 28తో ఆ గడువు పూర్తయింది. రక్తం మళ్లీ తీశారు, 0.9. స్కాన్‌లో గ్రంథులు మామూలు సైజుకి వచ్చాయి. ఈసారి కూడా పొట్ట గొరిగారు.

మొత్తం ఖర్చు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. మందులకి 58,000, పరీక్షలు, స్కాన్లు, ఫీజులు కలిపి 30,000 దాకా, తిండి, ఆటోలు లెక్క రాయలేదు. మందు మొదలుపెట్టేలోపు అయినది అందులో నాలుగో వంతు కూడా కాదు, కానీ ఆ రోజులే ఎక్కువ కష్టం. చీటీ వాయిదాలు ఇంకా కడుతున్నాను. వీధిలోంచి తెచ్చిన పిల్లికి అంతా అని అడిగినవాళ్లకి ఏమీ చెప్పలేదు. అంత పెట్టలేమని ఆగిపోయిన వాళ్లని కూడా క్లినిక్ బెంచీ మీద చూశాను, వాళ్ల ప్రేమ తక్కువదని నేననను.

మా దగ్గర కొన్ని మాత్రలు మిగిలాయి. డాక్టరమ్మకే ఇచ్చేశాం, గాజువాక నుంచి వచ్చిన ఒక ఆడపిల్లికి అవి మొదలుపెట్టారట. జీడికి నిరుడు జూన్‌లో వేయించాల్సిన రేబిస్ టీకా జబ్బు వల్ల ఆగిపోయింది. దానికి మార్చిలో రమ్మన్నారు, ఆ ఆటో అతనికి ముందే చెప్పి ఉంచాను.